ఖాళీ ఉయ్యాల ఊపిన రాకుమారుడు

ఒరే బుల్లోడా, ఆ ఉయ్యాల తాడు వదులు. వదలమన్నానా! లోపల చెల్లాయి లేనప్పుడు ఊపకూడదని నీకెన్నిసార్లు చెప్పాలిరా? ఎందుకూ అంటావా? ఈ పిల్లాడికి ప్రతిదానికీ ఎందుకే! సరే, ఇలా వచ్చి కూచో. మీ అమ్మ చెల్లాయికి లాల పోసి తీసుకొచ్చేదాకా చెప్తాను. ఊఁ కొట్టాలి మరి. కొట్టకపోతే నేను మధ్యలో లేచి వంటింట్లోకి పోతాను. ఆ రాకుమారుడు నడిసముద్రంలో ఉండిపోతాడు. ఆ పాపం నీదే.

అనగనగా పొగడవరమనే రాజ్యం, దానికో రాజు. పేరు కేసరివర్మ. కథల్లో రాజులకి ఏడుగురేసి కొడుకులుంటారు కదా, ఈయనకి ముగ్గురే. ఆ ముగ్గురితోనే రాణి హేమలాంబకి తలప్రాణం తోకకొచ్చేది. పెద్దవాడు ఉదయసేనుడు, కత్తి పడితే వదలడు. రెండోవాడు రత్నసేనుడు, వాదన పడితే వదలడు. మూడోవాడు మకరందుడు. వీడు అమ్మ కొంగు పడితే వదలడు.

నూనూగు మీసాలొచ్చాయి, గుర్రపు స్వారీ వచ్చింది. ఏం లాభం? పొద్దున్నే తలకి నూనె అమ్మే రాయాలి. పెరుగన్నంలో ఆఖరి ముద్ద అమ్మే పెట్టాలి. రాత్రి పడుకోబోయేముందు అమ్మే పాట పాడాలి. అన్నలు పొట్ట పట్టుకు నవ్వేవారు. నవ్వితే నవ్వనీ, ముద్ద నాకే కదా అనుకునేవాడు మకరందుడు. కోటలో దాసీల దగ్గర్నుంచి ఏనుగు మావటి దాకా అందరూ వాణ్ణి 'చిన్నబాబు' అనేవారు. అమ్మ పాటలోనూ ఆ పేరే.

జోజో నాయనా, పొద్దు వాలింది,
పావురం గూటికి చేరింది,
పాలపిట్ట గూటికి చేరింది,
అమ్మ ఒడిలోకి చేరేదెవరు?
మా చిన్నబాబు కదా, జోజో!

ఇలా ఉండగా, ఇక పిల్లలు చాలనుకున్న వయసులో హేమలాంబకి నెల తప్పింది. ఆడపిల్ల పుట్టింది. ఆడపిల్ల కోసం ఆ రాజు మొక్కని దేవుడు లేడేమో, ఊరంతా పంచదార పంచాడు. అందరూ సంతోషపడ్డారు, ఒక్క మకరందుడు తప్ప.

ఏం చెయ్యమంటావ్ మరి? నూనె గిన్నె పట్టుకుని అమ్మ దగ్గరికెళ్తే, "మెల్లిగా నడువురా, పాప లేస్తుంది" అంది. ఆఖరి ముద్ద కోసం విస్తరి ముందు కూచుంటే దాది వచ్చి, "అమ్మగారు పాపకి పాలిస్తున్నారు, మీరు తినేయండి బాబూ" అంది. తినేయాలిట! పైగా ఆ 'చిన్న' అనే మాట వాడి నెత్తి మీంచి ఎగిరి పిల్ల నెత్తిన కూచుంది. అది 'చిన్నమ్మి' అయింది. వీడు 'మూడోబాబు' అయ్యాడు. కొట్టంలో పశువుల్ని లెక్కపెట్టినట్టు మూడోబాబేమిటి, మూడోబాబు! వాడికి కడుపులో మంట. నిజమే చెప్పాలి కదా, మహా కుళ్ళు.

ఇంతలో బారసాల వచ్చింది. పిల్లకి కువలయ అని పేరు పెట్టారు. అటకమీంచి చందనపు ఉయ్యాల దింపారు. దానిపైన మూడు కొయ్య చిలకలు వేలాడుతుంటాయి, ఆకుపచ్చ రెక్కలు, ఎర్ర ముక్కులు. ముగ్గురు కొడుకులూ అందులో ఊగినవాళ్ళే. కానీ ఆఖరున దిగింది మకరందుడు కాబట్టి అది తనదేనని వాడి లెక్క. మూడో చిలక ముక్కుమీద వాడి పాలపంటి గాటు కూడా ఉంది. ఆ ఉయ్యాల్లో పిల్లని వేసి, పేరంటాళ్ళందరి ముందూ రాణి పాట అందుకుంది.

"అమ్మ ఒడిలోకి చేరేదెవరు? మా చిన్నమ్మి కదా, జోజో!"

మకరందుడికి కళ్ళలో కారం కొట్టినట్టయింది. ఉయ్యాల ఇచ్చింది, ఊరుకున్నాడు. ముద్ద మానేసింది, ఊరుకున్నాడు. పాట కూడా ఇచ్చేస్తుందా?

మర్నాడు పిల్లకి నలుగు పెట్టి లాల పోయడానికి పెరట్లోకి తీసుకెళ్ళారు. గదిలో ఎవరూ లేరు. ఖాళీ ఉయ్యాల కనపడింది. మకరందుడు తాడు పట్టుకుని ఊపాడు. ఒక ఊపు, రెండో ఊపు. మూడో ఊపుకి దూలం కిర్రుమంది.

"ఇది నా ఉయ్యాల! అది నా పాట! ఆవిడ మా అమ్మ! దాని నిద్ర ఎవడన్నా ఎత్తుకుపోనీ, నాకేం!" అన్నాడు.

ఖాళీ ఉయ్యాల ఊపితేనే బిడ్డకి కడుపునొప్పి అంటారు. కుళ్ళుతో ఊపి, పైగా నోరు కూడా జారితే ఇంకేమన్నా ఉందా! ఆ మూడో చిలక టపటపా రెక్కలు కొట్టింది. ఉయ్యాల లోపలికి వంగి, పక్కబట్టల్లోంచి పెసరగింజంత వెలుగు ముక్కున కరుచుకుని, కిటికీలోంచి తుర్రుమంది. మకరందుడు తాడు వదిలేశాడు. ఎవరికీ చెప్పలేదు. చెప్పడానికి మొహం ఉండాలిగా!

ఆ రోజు నించీ పిల్లకి నిద్ర లేదు.

ఏడుపు, ఏడుపు, ఒకటే ఏడుపు. దిష్టి తీశారు, పోలేదు. సాంబ్రాణి వేశారు, పడుకోలేదు. రాజవైద్యుడొచ్చి బొడ్డు చుట్టూ ఇంగువ పట్టు వేశాడు, ఊరుకోలేదు. రాజుగారే కిరీటం పక్కన పెట్టి భుజానేసుకుని కోటంతా తిప్పాడు. ఇంకా గట్టిగా ఏడ్చింది.

మొదట్లో మకరందుడికి లోపల్లోపల 'బాగా అయింది' అని ఉండేది. కానీ చూడు తమాషా! పిల్లకి నిద్ర లేకపోయేసరికి రాణి రాత్రీ పగలూ దాన్ని ఒళ్ళోంచి దింపడం మానేసింది. అది పడుకుంటే ఒడి కాసేపన్నా ఖాళీ అయ్యేది. ఇప్పుడు అదీ లేదు. తీసుకున్న గోతిలో తానే పడ్డాడు వెర్రినాగన్న.

రోజులు గడిచేకొద్దీ పిల్లకి ఏడ్చే ఓపిక కూడా పోయింది. గొంతు బొంగురుపోయింది. పాలు పట్టబోతే రెండు గుక్కలకే అలిసిపోయేది. వైద్యుడు తల వంచుకుని, "నిద్ర లేని పసికందు నిలవదమ్మా. వచ్చే పున్నమి దాకా నేను చూసుకోగలను. ఆ తర్వాత నా చేతిలో లేదు" అన్నాడు. రాణి ఏడవలేదు. పిల్లని ఇంకాస్త దగ్గరికి హత్తుకుంది.

ఆస్థాన జోస్యుణ్ణి పిలిపించారు. ఆయన కళ్ళు మూసుకుని, "పాప నిద్ర ఈ ఇంట్లో లేదు మహారాజా. ఏడు సముద్రాలకి అవతల అనిమిషుడనే మాంత్రికుడున్నాడు. రెప్పే వేయడు కాబట్టి ఆ పేరు. పసిపిల్లల నిద్ర దొంగిలించేది వాడే. అయితే ఎవరో ఒకరు ఇవ్వందే తీసుకోలేడు. ఈ ఇంట్లో ఇచ్చిందెవరో నాకు అందడం లేదు" అన్నాడు. అందరూ ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. మకరందుడు నేల చూశాడు.

పెద్దవాడు కత్తి దూసి బయల్దేరాడు. రెండోవాడు, "కత్తితో అయ్యే పని కాదు, మాటలతో లొంగదీస్తాను" అని తోడు బయల్దేరాడు. రేవులో పెద్ద సరంగు వాళ్ళని ఓడెక్కించుకుని వెళ్ళాడు. వెళ్ళినవాళ్ళు వెళ్ళినట్టే ఉన్నారు, కబురు లేదు.

ఒకరోజు రాణికి కళ్ళు తిరిగాయి. "ఒరే, ఒక్క నిమిషం పట్టుకోరా" అని పిల్లని మకరందుడి చేతుల్లో పెట్టింది. పుట్టిన్నాటినించీ వాడు దాన్ని ఎత్తుకోలేదు. తేలిగ్గా ఉంది. మరీ అంత తేలిగ్గా ఉంటుందనుకోలేదు. ఎర్రబడ్డ కళ్ళతో వాడి మొహంలోకి చూసి, వాడి చూపుడువేలు పట్టుకుంది. వదల్లేదు. వాడికి ఏడుపొచ్చింది. "నేనే చేశానే. నీ నిద్ర నేనే పారేశాను" అన్నాడు దాని చెవిలో.

"నాకు తెలుసులే" అంది ఎవరో.

చూస్తే మంచం కింద పిల్లి. రాణిగారి పెంపుడు పిల్లి, పేరు మీగడ. ఆ రోజుల్లో జంతువులన్నీ మాట్లాడేవి, మనుషులే వినేవాళ్ళు కాదు.

"ఉయ్యాల ఊపినప్పుడు నేను ఇక్కడే ఉన్నా. మూడో చిలక ఎగిరిపోవడం చూశా. దేశమంతా ఏడుస్తుంటే నోట్లో బెల్లంముక్క పెట్టుకున్నట్టు కూచున్నావేంట్రా మూడోబాబూ?"

"భయమేసింది."

"భయం పిల్లకి ఉండాలి, నీకెందుకు? పద. నువ్వే తేవాలి. నీ అన్నల వల్ల కాదది."

"వాళ్ళు నాకంటే బలవంతులు కదే?"

"బలం కాదురా. ఆ దీవి నిండా దొంగిలించిన నిద్రలే. కాలు పెట్టినవాడు పెట్టినట్టే పడుకుంటాడు. నిద్రపట్టనిది ఎవరికో తెలుసా? పక్కవాణ్ణి చూసి ఓర్వలేనివాడికి. మీ అన్నలకి ఆ రోగం లేదు. నీకు పుష్కలంగా ఉంది."

అంతమాట అన్నందుకు మకరందుడికి కోపం రావాలి. రాలేదు. ఉన్నమాట అంటే కోపమెలా వస్తుంది?

రేవుకి వెళ్తే పెద్ద సరంగు కూతురు పగడం పడవ తాడు బిగిస్తోంది. "మా నాన్న మీ అన్నల్ని తీసుకెళ్ళి ఇంకా రాలేదు. నువ్వు రాకపోయినా నేను బయల్దేరేదాన్నే. ఎక్కు" అంది. "రాకుమారుడివి, తెడ్డు వెయ్యడం వచ్చా?"

"నేర్చుకుంటాను."

"అయితే నడిసముద్రంలో నేర్చుకోవచ్చులే, ఎక్కు."

ఏడు సముద్రాలు దాటారు. ఉప్పు సముద్రంలో మకరందుడి చేతులు బొబ్బలెక్కాయి. చెరకురసం సముద్రంలో ఈగలు తినేశాయి. కల్లు సముద్రంలో పగడం ముక్కు మూసుకోమంది. నేతి సముద్రంలో తెడ్లు జారాయి. పెరుగు సముద్రం రాగానే మకరందుడు ఆఖరి ముద్ద గుర్తొచ్చి మొహం అటు తిప్పుకున్నాడు. పాల సముద్రం దగ్గర ఆలస్యమైంది, పిల్లి కదిలితేగా! మంచినీటి సముద్రం దాటాక దీవి కనపడింది.

ఒడ్డు దూరంగా ఉండగానే మీగడ పగడాన్ని అడిగింది. "అమ్మాయ్, నీకు ఎవరిమీదన్నా కుళ్ళుందా?"

"ఎందుకూ? నా పడవ నాకుంది, సముద్రం అందరికీ ఉంది."

"అయితే నువ్వు దిగకు. లంగరేసి ఇక్కడే ఉండు."

"మరి నువ్వు?" అన్నాడు మకరందుడు పిల్లితో.

మీగడ మీసాలు దువ్వుకుంది. "నేనా! మీ ముగ్గురూ పుట్టకముందు రాణిగారి ఒడి ఎవరిదనుకున్నావ్? మీ పెద్దన్న పుట్టిన్నాడు నన్ను దింపిన దింపుడు, మళ్ళీ ఎక్కలేదు. నలుగుర్ని చూశాను. నాకు ఈ జన్మకి నిద్ర పట్టదులే."

దీవిమీద దిగారు. ఇసకంతా మనుషులే, గాఢనిద్రలో. పెద్ద సరంగు ఆరిపోయిన చుట్ట నోట్లో పెట్టుకునే పడుకున్నాడు. ఉదయసేనుడు కత్తిమీద బుగ్గ ఆనించి నవ్వుతూ నిద్రపోతున్నాడు. రత్నసేనుడు ఏదో వాదిస్తూ మధ్యలో పడుకుండిపోయినట్టున్నాడు, వేలు ఇంకా పైకే ఉంది. మకరందుడికి అక్కడ కూడా అసూయే. చెల్లెలు అలా ఉంటే వీళ్ళకి ఇంత కమ్మగా నిద్రెలా పట్టిందిరా అని! అందుకే రెప్ప బరువెక్కలేదు. ముందుకి నడిచాడు.

లోపల తోటంతా చిలకలు. వేలకి వేలు. ఒక్కో చిలక ముక్కున ఒక్కో వెలుగు గింజ. తోట మధ్యలో తాటిచెట్టంత మనిషి. చింతనిప్పుల్లాంటి కళ్ళు, వాటికి రెప్పల్లేవు. ఎదురుగా పెద్ద ఖాళీ ఉయ్యాల. దాన్ని కాలితో ఊపుతూనే ఉన్నాడు, ఊపుతూనే ఉన్నాడు.

"రావోయ్ మూడోబాబూ!" అన్నాడు అనిమిషుడు. "ఏం, అప్పుడే వచ్చావు? నీ నోటితో నువ్వే ఇచ్చావు కదా, ఎవడన్నా ఎత్తుకుపోనీ అని. ఎత్తుకొచ్చా."

"తప్పయింది. నా చెల్లెలి నిద్ర నాకిచ్చేయ్."

"ఎందుకివ్వాలి? ముక్కుపచ్చలారని ప్రతి గుంటడికీ పడుతుంది నిద్ర. కుక్కకి పడుతుంది, నక్కకి పడుతుంది. నాకే పట్టదు. ఎవడికి పడితే వాడిమీద నాకు ఒళ్ళు మంట. ఒక్కో నిద్రా తెచ్చి కళ్ళకి అద్దుకుంటాను, జారిపోతుంది. అయినా సరే, నాకు లేనిది వాళ్ళకీ ఉండకూడదు!"

మకరందుడు ఆ చిలకల్లో తన చిలకని వెతికాడు. ఎర్ర ముక్కుమీద పాలపంటి గాటున్న చిలక అనిమిషుడి భుజంమీదే ఉంది. మాంత్రికుడి ప్రాణం చిలకలో ఉంటుందని నీకు ముందే తెలుసు కదా, మహా తెలివైనవాడివి! అవును, దాంట్లోనే ఉంది. కొత్త చిలక వచ్చినప్పుడల్లా వాడు తన ప్రాణం అందులోకి మార్చుకుంటాడు. మకరందుడు ఒక్క గెంతు గెంతి దాని మెడ పట్టుకున్నాడు.

అనిమిషుడు నవ్వాడు. "విరువు! నేను చస్తాను. దాని ముక్కున ఉన్న మీ చెల్లెలి నిద్ర కూడా చస్తుంది. విరవవేం?"

చేతిలో చిలక వణుకుతోంది. మకరందుడు మెల్లిగా వదిలేశాడు.

"ఓహో, బుద్ధి ఉంది నీకు" అన్నాడు అనిమిషుడు. "అయితే పందెం. నన్ను నిద్రపుచ్చు. మూడుసార్లు చూడు. నేను పడుకుంటే ఈ చిలకలన్నీ ఎవరిళ్ళకి అవి పోతాయి. పడుకోలేదో, నువ్వు నాతోపాటే ఇక్కడ రెప్ప వేయకుండా ఖాళీ ఉయ్యాల ఊపుతూ కూచోవాలి, కలకాలం!"

మకరందుడికి వచ్చిన పాట ఒక్కటే. గొంతు సవరించుకుని పాడాడు. ఆఖరి మాట దగ్గరికొచ్చేసరికి అలవాటుకొద్దీ "మా చిన్నబాబు కదా, జోజో" అనే వచ్చింది.

"అది నీ పాట" అన్నాడు అనిమిషుడు. "నీకే పాడుకున్నావు. నాకేం అంటింది?"

రెండోసారి పాడాడు. "మా అనిమిషుడు కదా, జోజో" అన్నాడు. పళ్ళ బిగువున అన్నాడు, తన పాట వీడికి పెట్టాలా అని లోపల మండుతూనే ఉంది. మాంత్రికుడి ఎర్రకళ్ళలో నీళ్ళు తిరిగాయి. అంతే, పడుకోలేదు.

ఇంకొక్కసారే ఉంది. మకరందుడు పాడలేదు. ఆలోచించాడు. "అనిమిషుడని జనం పెట్టిన పేరు కదూ. మీ అమ్మ నిన్నేమని పిలిచేది?" అని అడిగాడు.

మాంత్రికుడి కాలు ఆగింది. ఉయ్యాల ఆగింది.

"పండు" అన్నాడు. "పండూ అనేది. తర్వాత తమ్ముడు పుట్టాడు. నన్ను ఒళ్ళోంచి దింపి వాణ్ణి ఎత్తుకుంది. ఆ పేరు కూడా వాడికే పెట్టింది. నేను ఖాళీ ఉయ్యాల ఊపాను. వాడి నిద్ర నా చేతికొచ్చింది. నాది మాత్రం పోయింది."

మకరందుడు వాడివంక చూశాడు. ఎదురుగా తాటిచెట్టంత తనే కూచున్నట్టుంది. ఇసకలో బాసింపట్టు వేసుకుని కూచుని, "రా, తల ఇక్కడ పెట్టు" అన్నాడు. అంత పెద్ద తల వాడి ఒళ్ళో పట్టలేదు, తొడలు తిమ్మిరెక్కాయి. అయినా వీపుమీద మెల్లిగా జోకొట్టాడు. అమ్మ ఎలా కొట్టేదో అలాగే.

"పావురం గూటికి చేరింది, పాలపిట్ట గూటికి చేరింది, అమ్మ ఒడిలోకి చేరేదెవరు? మా పండు కదా, జోజో!"

ఈసారి మనసులో పిసరంత కుళ్ళు లేదు. పాట ఇచ్చేశాడు, అంతే. మాంత్రికుడు ఒక్క పెద్ద ఆవలింత ఆవలించాడు. ఎర్రకళ్ళమీదికి ఎక్కణ్ణించో రెప్పలొచ్చాయి. గుర్రు!

కానీ అసలు గండం అప్పుడే వచ్చింది. కుళ్ళు పోయింది కదా, మకరందుడికీ రెప్పలు వాలిపోయాయి! పున్నమి ముంచుకొస్తోంది, చిలకలు రెక్కలు విప్పుతున్నాయి, వీడు పక్కకి ఒరిగిపోతున్నాడు. మీగడ చెవి కొరికింది, లేవలేదు. ముక్కు గీరింది, లేవలేదు. అప్పుడు చెవిలో నోరు పెట్టి అంది:

"పడుకో బాబూ పడుకో. చిలకలు పోతున్నాయి కదా, మీ అన్నలు ముందు లేస్తారు, ముందు ఇంటికెళ్తారు. మీ చెల్లెలు మొట్టమొదట 'అన్నా' అని ఎవర్ని పిలుస్తుందనుకున్నావ్? మీ పెద్దన్నని!"

మకరందుడు దిగ్గున లేచాడు. "ఎవరన్నారే! నా చెల్లెలు నన్నే పిలవాలి!"

"అదీ! ఆ మాత్రం ఉండాలి" అంది మీగడ.

గాటున్న చిలక మాంత్రికుడి ప్రాణం మాంత్రికుడికే వదిలేసి, మకరందుడి భుజంమీద వాలింది. మిగతావన్నీ ఆకాశం పచ్చబడేలా లేచిపోయాయి. ఒడ్డున పడుకున్నవాళ్ళంతా కళ్ళు నులుముకుంటూ లేచారు. రత్నసేనుడు ఆపినచోటినుంచే వాదన మొదలెట్టాడు. పెద్ద సరంగు, పడవ ఒడ్డుకి తెచ్చిన కూతుర్ని చూసి, "చుట్ట ఎవరార్పారే?" అన్నాడు. పగడం నవ్వుతూనే ఏడ్చేసింది.

పున్నమి చంద్రుడు రాకముందే పొగడవరం చేరారు. రాణి ఒళ్ళో పిల్ల కళ్ళు తెరుచుకునే ఉంది, కానీ చూపు ఎక్కడా లేదు. మకరందుడు పరుగున వచ్చి అమ్మ కాళ్ళదగ్గర కూలబడ్డాడు. "అమ్మా, ఖాళీ ఉయ్యాల ఊపింది నేనే. దాని నిద్ర పోవాలని అన్నది నేనే. కుళ్ళు పట్టలేక అన్నాను."

రాణి వాడివంక చూసింది. ఫెడీమని వీపుమీద ఒక్కటిచ్చింది. కోటంతా వినపడింది. ఆ చేత్తోనే వాడి తల దగ్గరికి లాక్కుంది. "నూనె లేక జుట్టు ఎలా అయిపోయిందో చూడు" అని బావురుమంది.

చిలకని దాని కొక్కేనికి తగిలించారు. అది మళ్ళీ కొయ్య అయింది. ముక్కున ఉన్న వెలుగు గింజ జారి పిల్ల కనురెప్పమీద పడింది. మకరందుడు తాడు పట్టుకున్నాడు. ఈసారి ఉయ్యాల ఖాళీ కాదు. "మా చిన్నమ్మి కదా, జోజో" అని పాడాడు. పిల్ల చిన్న ఆవలింత తీసింది, పెదవి చప్పరించింది, పడుకుంది. దాని వెనకే రాణి కూచున్నచోటే పడుకుంది. రాజుగారు స్తంభాన్ని ఆనుకుని పడుకున్నాడు. మకరందుడొక్కడే తెల్లారేదాకా ఊపుతూ కూచున్నాడు.

మర్నాడేమైందో తెలుసా? రాణి జోకొడితే పిల్ల పడుకోలేదు! పాట అన్న పాడాలి, తాడు అన్న పట్టాలి. హేమలాంబ మూతి ముడుచుకుని, "నా ఉయ్యాల, నా పాట, నా కూతురు! మధ్యలో వీడెవడే?" అంది. దాదులంతా నవ్వారు.

ఇక మొదటి మాట సంగతి. ముగ్గురన్నలూ "అన్నా అను, అన్నా అను" అని దాని చుట్టూ మోకాళ్ళమీద తిరిగారు. అది ఒకనాడు నోరు తెరిచి, పిల్లివంక చూసి, "మ్యా" అంది. మీగడ ఎన్నాళ్ళుగానో ఎక్కని రాణి ఒళ్ళోకి తోకెత్తుకుని వెళ్ళి కూచుంది. ఆ రోజే దానికి నిద్ర పట్టింది.

తర్వాత మకరందుడికీ పగడానికీ పెళ్ళయింది. అప్పటికి కువలయకి మాటలొచ్చాయి. కొత్త దంపతులు గడప దగ్గరికి రాగానే ఆడపడుచు వాకిలి అడ్డుకోవడం ఉంటుందిగా, ఆ వేలెడంత పిల్ల చేతులు రెండూ చాచి నిలబడింది. పేర్లు చెప్పమంది, చెప్పారు. కట్నం ఇచ్చారు, పుచ్చుకుంది. అయినా జరగలేదు. పగడాన్ని ఎగాదిగా చూసి, "మా అన్న నాకు పాట పాడాలి. నువ్వు పక్క గదిలో పడుకో" అంది. మొహం కందగడ్డలా ఉంది, అచ్చం వాళ్ళన్న ఒకప్పటి మొహమే.

మకరందుడు నవ్వబోయి ఆగాడు. మోకాళ్ళమీద కూచుని, "చిన్నమ్మీ, పాట ఇద్దరికీ సరిపోతుంది. నేను కొలిచి చూశాను. మాంత్రికుడికి ఇచ్చినా తరగలేదు" అన్నాడు. అది చాచిన చేతులు దింపింది. వదిన చెయ్యి పట్టుకుని, "సరే, రా" అని తనే లోపలికి తీసుకెళ్ళింది.

రాజుగారు రేవు చుట్టుపక్కల రాజ్యం వాళ్ళకిచ్చాడు. వాళ్ళు మనవల మనవల్ని ఎత్తుకునేదాకా ఏలారు. ఆ రాజ్యంలో ఖాళీ ఉయ్యాల ఊపినవాడు లేడు, నిద్రలేక ఏడ్చిన పిల్ల లేదు. సముద్రం ఒడ్డున హోరు వినపడుతుందే, అది పండుగాడి గురకేనంటారు. ఎవరూ లేపలేదు వాణ్ణి, పడుకోనిచ్చారు. ఆ కథ అలా ఒడ్డున పడింది, మనం ఇలా ఉయ్యాల దగ్గరికొచ్చాం.

అదిగో, మీ అమ్మ చెల్లాయిని తెస్తోంది. సాంబ్రాణి వాసన వస్తోందా? ఏరా, మొహం అలా పెట్టావేం? నీకు నూనె నేను రాస్తాలే... అమ్మే రాయాలా? సరే, అమ్మే రాస్తుంది, చెప్తాను దానికి. ముందు చెల్లాయిని ఉయ్యాల్లో వెయ్యనీ.

వేసిందా? లోపల ఉందా? సరిగ్గా చూశావా?

అయితే ఇప్పుడు పట్టుకో తాడు. మెల్లిగా ఊపు నాయనా, మెల్లిగా.